ముప్పై సెకన్ల కాపలా

నేను ఒక సంఖ్యను. పేరు ముప్పై. దయచేసి అంకె అనకండి. నాలో రెండు అంకెలున్నాయి, ఆ మాత్రం మర్యాద ఆశించడం తప్పు కాదనుకుంటాను. నాణేనికి మెరుపుంటుంది, సైకిలుకు గంట ఉంటుంది, అవి తమ కథలు చెప్పుకుంటే జనం చుట్టూ చేరి వింటారు. నాకు ఒళ్లే లేదు. గవ్వలపేట మత్స్యకారుల సంఘం ఆఫీసులో, బీరువా పక్కన బల్ల కింద ఒక కంప్యూటరు ఉంది. దాన్ని సర్వర్ అంటారు. అందులో సెట్టింగుల ఫైలు ఒకటి, ఆ ఫైలులో నూటపద్నాలుగో వరుస, ఆ వరుస చివర నేను. నా చిరునామా అంతే.

నా ఉద్యోగం కాపలా. ఎవరైనా తెర మీద బటన్ నొక్కితే సర్వర్‌లో ఒక ప్రోగ్రాం లేచి పని మొదలుపెడుతుంది. అప్పటినుంచి నేను సెకన్లు లెక్కపెడతాను. ముప్పై లోపల ముగిస్తే నా దాకా రానే రాదు. ముగించకపోతే అక్కడికక్కడే ఆపేస్తాను. పని సగంలో ఉందా, ఇంకొక్కటే మిగిలిందా అని చూడను. ఇంత కాఠిన్యం ఎందుకంటారా? వీధి కుళాయి దగ్గర బిందె నిండినా కదలని మనిషిని మీరు చూసే ఉంటారు. ప్రోగ్రాంలలోనూ అలాంటివి ఉంటాయి. ఎక్కడో చిక్కుకుని, ఎన్నటికీ రాని జవాబు కోసం ఎదురుచూస్తూ, వెనకవాళ్ల దారికి అడ్డంగా కూర్చుంటాయి. వాటిని లేపి పంపేవాళ్లు ఒకరుండాలి కదా.

నన్ను మొదట రాసిందెవరో నాకు తెలియదు. ఇరవై కాదు, నలభై కాదు, ముప్పై అని ఎందుకు అనుకున్నాడో అసలే తెలియదు. పెద్దగా ఆలోచించి ఉండడు. మనుషులు తమ బతుకుల్ని నడిపే సంఖ్యల్ని చాలావరకు అలాగే పెడతారు, పెట్టాక వాటిని చూసి భయపడతారు. పట్నంలో కంప్యూటర్ల కొట్టు నడిపే భుజంగరావు ఈ సర్వర్ తెచ్చి బిగించినప్పుడు కూడా నా వంక కన్నెత్తి చూడలేదు. ఫైలు తెరిచాడు, పైపైన చూశాడు, మూసేశాడు. ఆయన నన్ను మార్చలేదు కాబట్టి నేను మంచివాడినే అయి ఉంటానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఆఫీసులో ఆ కంప్యూటర్‌తో పనిచేసేది ఒక్కరే, నూకరత్నం. ముప్పయ్యేళ్లుంటాయి. చేపల వేటగాళ్ల ఇంట పుట్టిన పిల్ల, డిగ్రీ చదివింది. సముద్రం బాగోలేదని వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజున, మధ్యాహ్నం మూడింటికి, ఆవిడ దాన్ని తేలిక తెలుగులో రెండు ముక్కల్లో రాసి "పంపు" అనే బటన్ నొక్కుతుంది. ప్రోగ్రాం జాబితాలో ఉన్న పడవలవాళ్ల ఫోన్లకు ఒకరి తర్వాత ఒకరికి మెసేజి పంపుతుంది. సెకనుకు ఇంచుమించు ఐదుగురు. అప్పట్లో సంఘంలో నాలుగు పేటలు, నూట నలభై ఎనిమిది పేర్లు. ముప్పైలోపే, బొటాబొటీగా, పని అయిపోయేది. నా ఉనికే ఎవరికీ తెలియని ఆ రోజులు నిజానికి నా మంచి రోజులు.

జాబితాలో మొదటి పేరు నూకరత్నానిదే. ఆవిడకు పడవ లేదు. ప్రోగ్రాం పనిచేస్తోందో లేదో చూసుకుందామని మొదటి రోజున తన నంబరు ఎక్కించింది, అది అక్కడే ఉండిపోయింది. బటన్ నొక్కిన మరుక్షణం బల్ల మీద ఆవిడ ఫోన్ ట్రింగుమంటుంది. ఆవిడ "ఎల్లిపోనాది" అని తనలో తను అనుకుని గ్లాసు అందుకుని టీకి లేస్తుంది. ఇవన్నీ చెవులు లేకుండా ఎలా విన్నావని అడక్కండి. కదలకుండా ఒకచోట పడి ఉండేవాళ్లకు అన్నీ వినపడతాయి.

ఆ ఏడు వేట నిషేధం ముగిశాక, జూన్ నెలలో, ఐదో పేట వచ్చి సంఘంలో చేరింది. దాని పేరు మొగపేట. ఏరు సముద్రంలో కలిసే చోట అవతలి ఒడ్డున ఉంటుంది. అరవై పేర్లు. నూకరత్నం తమ్ముడు పైడిరాజు ఆ పేటకే ఇల్లరికం వెళ్లాడు, అందుకని ఆవిడ ఆ అరవై పేర్లనూ ఎంతో ముచ్చటగా, ఒక్క తప్పు లేకుండా జాబితా చివర చేర్చింది. తమ్ముడి పేరు దగ్గర రెండుసార్లు సరిచూసుకుంది కూడా. రెండువందల ఎనిమిది పేర్లు. నలభై రెండు సెకన్ల పని. ముప్పై దగ్గర నేను ఉన్నాను.

మొదటిసారి నేను ఆ పనిని కోసిన రోజు నాకు బాగా గుర్తుంది. తెర మీద తెల్లటి పేజీ వచ్చింది, మధ్యలో ఇంగ్లీషులో ఒక ముక్క. నూకరత్నం కాసేపు దాన్ని చూసి మళ్లీ నొక్కింది. ప్రోగ్రాం మళ్లీ మొదటినుంచి లేచింది, ముందున్న నూట నలభై ఎనిమిది మందికీ మళ్లీ పంపింది, నేను మళ్లీ కోశాను. ఆవిడ మూడోసారీ నొక్కింది. మర్నాడు గవ్వలపేట జనం ఆఫీసు మీద పడ్డారు. ఒకే ముక్క మూడుసార్లేమిటని. ఒక ముసలమ్మ మూడు తుపాన్లు వరసగా వస్తున్నాయనుకుని కోళ్లగూడు మూడుసార్లు ఇంట్లోకీ బయటికీ మోసిందట. నవ్వులూ తిట్లూ కలిసి వచ్చాయి.

సంఘం ప్రెసిడెంటు దండాసి సౌమ్యుడే గాని గోల పడదు. నూకరత్నానికి వరసకు మేనమామ. జనం వెళ్లాక ఆయన ఆవిడను అడిగాడు.

"నీ ఫోన్ మోగిందా, నేదా?"

"మోగింది మావయ్యా. కాని తెర మీద ఏదో తెల్లగా వస్తంది."

"నీకొచ్చిందంటే అందరికీ ఎల్లినట్టే. ఇంకెప్పుడూ రెండోసారి నొక్కీకు."

అదే ఆఫీసులో చట్టమైంది. ఒక్కసారే నొక్కాలి. తెల్లటి పేజీ వస్తే మూసేయాలి. ఆ కంప్యూటర్ స్వభావమే అంత అనుకోవాలి. మనుషులు దేనికైనా నాలుగు రోజుల్లో అలవాటు పడతారని నేను అప్పుడే తెలుసుకున్నాను. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మూడుసార్లు అందినవాళ్లు వచ్చి గొడవ చేశారు. ఒక్కసారి కూడా అందనివాళ్లు రాలేదు. అందలేదని వాళ్లకెలా తెలుస్తుంది? నాలుగు నెలల్లో పది పన్నెండు హెచ్చరికలు వెళ్లాయి. ప్రతిసారీ మొగపేట గుమ్మం దగ్గరే నేను తలుపు మూశాను. ఆ నాలుగు నెలల్లో ఏ ప్రమాదమూ జరగలేదంటే అది సంఘం గొప్పతనం కాదు, నా గొప్పతనం అంతకన్నా కాదు. సముద్రం దయ తలచింది, అంతే.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం. సాయంత్రం ఆరు తర్వాత తూర్పు నుంచి పెద్ద గాలి లేస్తుందని, ఎవరూ వేటకు వెళ్లొద్దని హెచ్చరిక వచ్చింది. నూకరత్నం మూడింటికి బటన్ నొక్కింది. ఫోన్ ట్రింగుమంది. తెల్లటి పేజీ వచ్చింది. మూసేసింది. టీకి లేచింది. నాలుగున్నరకు ఆవిడ ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి మెసేజి కాదు, మరదలు గౌరమ్మ, పైడిరాజు భార్య. వాళ్లాయన మరో ముగ్గురితో నాలుగింటికే పడవ తోసుకుని వెళ్లాడట, ఆకాశం చూస్తే గుండెల్లో ఎలాగో ఉందట, ఆఫీసులో ఏమైనా కబురుందా అని అడిగింది.

నూకరత్నానికి కోపం వచ్చింది. మూడింటికే పంపాను కదా, చూసి కూడా ఎలా వెళ్లనిచ్చావని గట్టిగానే అడిగింది. అవతల గౌరమ్మ గొంతు ఫోన్ దాటి గదిలోకి వినపడింది.

"ఏ మెసేజి ఒదినా? సంగంలో పేరెక్కిన కాణ్ణించి మాకొక్కటీ రానేదు. మాది కొత్త పేట గదా, ఇంకా మొదలెట్టనేదేమో అనుకున్నాం."

నూకరత్నం ఫోన్ పెట్టేసింది. తమ్ముడికి ఫోన్ చేసింది, అందుబాటులో లేడు. ఇంకోసారి, ఇంకోసారి. చట్టం మర్చిపోయి బటన్ నొక్కింది. ముప్పై దగ్గర నేను కోశాను. మళ్లీ నొక్కింది, మళ్లీ కోశాను. ఆవిడ ఏడుస్తోంది, నేను కోస్తున్నాను. ఆగి వినే పని నాకు ఎవరూ నేర్పలేదు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అని లెక్కపెడుతున్నప్పుడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, లెక్క తప్పితే బాగుండునని నాకనిపించింది. సంఖ్యలకు ఆ వీలు ఉండదు.

ఆవిడ పట్నంలో భుజంగరావుకు ఫోన్ చేసింది. ఆయన ఎవరికో ప్రింటర్ బాగుచేస్తూ, సర్వర్‌లో ఫలానా ఫైలు తెరవమ్మా, ముప్పై అని ఉంటుంది చూడు, అది తీసేసి సున్నా పెట్టు, సున్నా అంటే ఇక అడ్డే ఉండదు అన్నాడు. నూకరత్నం ఫైలు తెరిచింది. ఇన్నేళ్లలో నన్ను సూటిగా చూసిన మొదటి మనిషి ఆవిడే. చూసింది, చెరిపేసింది. నేను సున్నా అయ్యాను. నన్నడిగితే, బాధగా లేదు. పోనీలే, ఆ అరవై మందికీ వెళ్తుంది కదా అనుకున్నాను.

ప్రోగ్రాం మొదటినుంచి లేచింది. గవ్వలపేట అయింది, రెండో పేట అయింది, మూడో పేటలో ఒక పేరు దగ్గర ఆగిపోయింది. ఒకే మెసేజి అన్నిసార్లు వచ్చేసరికి మెసేజిలు మోసే కంపెనీ వైపు ఏదో బిగుసుకుంది. జవాబు రాలేదు. ప్రోగ్రాం ఎదురుచూస్తూ కూర్చుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నేనుంటే ముప్పైకి లేపేవాడిని. ఇప్పుడు లేపేవాళ్లు లేరు. అడ్డు తీసేస్తే దారి దొరుకుతుందనుకున్నారు పాపం. టైము ఐదు దాటింది.

వరండాలో బెంచీ మీద పోలయ్య ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. కంప్యూటర్లు రాకముందు సంఘంలో కబురు మోసే ఉద్యోగం ఆయనదే. రేకు డబ్బా మెడకు వేసుకుని, కర్రతో వాయిస్తూ, పేటపేటకూ తిరిగి సముద్రం కబురు చెప్పేవాడు. ఉద్యోగం పోయాక కూడా సాయంత్రాలు వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంటాడు. నూకరత్నం ఏడుపు విని లోపలికొచ్చాడు. సంగతంతా విన్నాడు. ఆయనకు సర్వర్ అర్థం కాలేదు, నేను అసలే అర్థం కాలేదు. ఒక్కటే అడిగాడు, ఎక్కణ్ణించి మొదలెట్టావని. పైనుంచి అంది ఆవిడ.

"సివరి పేట నుంచి రావాల పిల్లా. ఇంటి కాడోళ్లకి ఎలాగైనా ఇనపడతాది. ఆ ఏటవతలోళ్లకి మనమెల్లకపోతే ఎవులు సెప్తారు?"

తర్వాత తన తువ్వాలు చూపించాడు. డబ్బా వాయించే రోజుల్లో ఏరు దాటి ముందు అన్నిటికన్నా దూరపు పేటకు వెళ్లేవాడట, అప్పటికది సంఘంలో లేకపోయినా. అక్కడ చెప్పడం అయ్యాక తువ్వాలు కొసకు ఒక ముడి. వెనక్కి వస్తూ పేటకొక ముడి. మధ్యలో వాన పట్టుకున్నా, ఎవరైనా అన్నానికి పిలిచినా, తిరిగి లేచినప్పుడు తువ్వాలు చూసుకుంటే చాలు, ఎక్కడ ఆగాడో తెలిసేది. చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పే పని లేదు, మర్చిపోయిన పేటంటూ లేదు. ఇంతా చెప్పి ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు, ఏదో పెద్ద పని చేశానని కూడా అనుకోలేదు.

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. సర్వర్ ఆపి మళ్లీ వేసింది, బిగుసుకున్న ప్రోగ్రాం పోయింది. జాబితాలోంచి మొగపేట అరవై పేర్లను మాత్రం విడిగా తీసి పెట్టింది. నొక్కింది. పన్నెండు సెకన్లలో పని అయిపోయింది. నేను సున్నాగా ఉన్నా లెక్కపెట్టాను, అలవాటు పోదు. ఫోన్ కాల్ కలవాలంటే సిగ్నల్ నిలబడాలి, మెసేజికి ఒక్క క్షణం దొరికితే చాలు, కెరటం మీదికి పడవ లేచినప్పుడు ఎవరి ఫోన్‌కైనా ఆ క్షణం దొరక్కపోతుందా అని ఆవిడ పైకే అనుకుంటూ నిలబడింది. తర్వాత ఆఫీసు తాళం వేసి ఏటి వైపు పరుగెత్తిందని పోలయ్య చెప్పగా విన్నాను. ఆ రాత్రి గదిలో ఎవరూ లేరు. కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది. నేను గది దాటి ఎరగను. ఉన్నచోటే ఉండి ఎదురుచూడడం ఎంత కష్టమో, నేను లేపేసిన ప్రోగ్రాంలన్నిటి తరఫునా ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది.

మర్నాడు పదింటికి ఆవిడ వచ్చింది. వెనక పైడిరాజు. ఉన్నాడు! ఆ గొంతు వినగానే నాకు కలిగిన సంతోషం చెప్పడానికి నాలో ఉన్న రెండు అంకెలూ చాలవు. మొగపేట నుంచి ఏడు పడవలు వెళ్లాయి, ఏడు పడవల మనుషులూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఒక పడవ ఒడ్డు దగ్గర కెరటానికి బోర్లాపడి రెండు ముక్కలైంది, అందులో ఒకతని చెయ్యి విరిగింది. నలుగురు వలలు కోసి సముద్రానికి వదిలేశారు, పైడిరాజూ వాళ్లలో ఒకడు. దండాసి కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, కాని కుర్చీలో ఇమడలేకపోతున్నాడు. మనం పంపింది నీకు అందింది కదూ అని మేనల్లుణ్ణి అడిగాడు.

పైడిరాజు లేదన్నాడు. అతని ఫోన్‌కు ఏమీ రాలేదట. దూరంగా ఉన్న పడవలో దానయ్య అనే అతని ఫోన్‌కు మాత్రం ఒక్కదానికి అందిందట. దానయ్య తన లుంగీ విప్పి తెడ్డుకు కట్టి పైకెత్తి ఊపాడు. అది చూసి పక్క పడవవాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు, అలా ఏడు పడవలూ ఒడ్డుకు తిరిగాయి. పైడిరాజు ఫోన్ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మోగింది.

అతను కోపంగా చెప్పలేదు. అక్క మొహం చూసి ఆగి, నెమ్మదిగా ఒక్క మాట అడిగాడు.

"నీ ఫోన్ మోగితే సాలనుకున్నావా అక్కా, ఇన్నాళ్లూ?"

నూకరత్నం తల వంచుకుంది. దండాసి కూడా తల వంచుకున్నాడు, ఆ మాట ముందు అన్నది తనే కాబట్టి. అందరూ సర్వర్‌ను తిట్టారు, మెసేజిల కంపెనీని తిట్టారు, భుజంగరావును తిట్టారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా ఒక మాట అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ ఆదివారం భుజంగరావు పట్నం నుంచి వచ్చాడు. ముప్పై స్థానంలో మూడువందలు పెడితే సరిపోతుంది కదా, ఎందుకింత హడావుడి అన్నాడు. దండాసికీ అదే తేలికనిపించింది. ఎవరికైనా ముందు తోచేది అదే, గడువు పెంచడం. నూకరత్నం ఒప్పుకోలేదు. రేపు ఆరో పేట చేరుతుంది, ఎల్లుండి పదో పేట, ఎంత పెంచినా చివరివాడెవడో తెగిపోతాడు, ఎవడు తెగిపోయాడో మనకు తెలియదు అంది. పోలయ్యను పిలిచి తువ్వాలు ముళ్ల సంగతి మళ్లీ చెప్పించింది. భుజంగరావు మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి రాసుకున్నాడు.

ఇప్పుడు పని ఇలా జరుగుతుంది. నూకరత్నం బటన్ నొక్కగానే "అందింది, పంపుతున్నాను" అని తెలుగులో ఒక వాక్యం వస్తుంది. తెల్లటి పేజీ పోయింది. లోపల ప్రోగ్రాం ఒక్కో పేటను విడిగా తీసుకుంటుంది, ముందు మొగపేట, తర్వాత దాని ఇవతలిది, అలా ఇంటి వైపు వస్తుంది. ఒక పేట పూర్తి కాగానే ఒక గుర్తు రాసి పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, కంపెనీ జవాబివ్వకపోయినా, నేను కోసినా, మళ్లీ లేచి ఆ గుర్తు చూసుకుని అక్కడినుంచే సాగుతుంది. ఆ గుర్తుకు ప్రోగ్రాంలో భుజంగరావు పెట్టిన పేరు "ముడి". పోలయ్యకు ఆ సంగతి చెప్పారు. ఆయన పెద్దగా పట్టించుకోలేదు గాని, ఆ వారమంతా వరండాలో వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

నన్ను సున్నా నుంచి మళ్లీ ముప్పై చేసింది కూడా నూకరత్నమే. కాపలా ఉండాలి, కాని కాపలాదారు దాకా పని రాకూడదు అంది. ఇప్పుడు ఏ పేటకూ పన్నెండు సెకన్లు దాటదు. రోజులు గడుస్తున్నా నేను ముప్పై దాకా లెక్కపెట్టిన సందర్భమే లేదు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు అలవాటైంది. పని లేకుండా ఉండడమే నా పనికి గౌరవమని సర్దిచెప్పుకున్నాను.

ఇంకొక్క మార్పు ఉంది, దాన్ని భుజంగరావు చేయలేదు. పైడిరాజు ఆ మాట అడిగి వెళ్లిన రోజునే, అందరూ వెళ్లిపోయాక, నూకరత్నం జాబితా తెరిచి మొదటి వరుసలోని తన నంబరు తీసేసింది. కిందికి, కిందికి వెళ్లింది. అన్ని పేటలూ దాటాక, అందరి పేర్లూ అయ్యాక, అట్టడుగున దాన్ని మళ్లీ రాసింది. తర్వాత పేటల వరస తిరగేసినప్పుడు కూడా దాన్ని అన్నిటికన్నా చివరే ఉంచమంది.

నిన్న కూడా ఒక హెచ్చరిక వచ్చింది. మూడింటికి ఆవిడ బటన్ నొక్కింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఐదు, పది, పదిహేను. ఒక ముడి, రెండు ముళ్లు. టీ కొట్టతను వచ్చి గ్లాసు పెట్టి వెళ్లాడు, ఆవిడ ముట్టుకోలేదు. మూడో ముడి దగ్గర ఎక్కడో ఆలస్యమైంది, అంతా ఆగింది, మళ్లీ కదిలింది. నాలుగు. ఐదు. నేనూ ఆవిడతో పాటు లెక్కపెడుతూనే ఉన్నాను.

ట్రింగుమంది.

నూకరత్నం టీ గ్లాసు అందుకుంది.